కొత్త మిర్రర్‌లెస్సా, పాత డీఎస్ఎల్ఆరా? ఇంట్లో రెండు నికాన్ లెన్సులు ఉన్నాయి

ప్రశ్న: కొల్లేటిగట్టు

అందరికీ నమస్కారం. నేను ఏలూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. ఇంతవరకు ఫోనుతోనే ఫోటోలు తీస్తూ వచ్చాను. చలికాలంలో సెలవు దొరికినప్పుడల్లా కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్లి గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను చూడటం అలవాటైంది గాని, ఫోనుతో తీసిన ఫోటోల్లో నీళ్ల మీద తెల్ల చుక్కలు తప్ప మరేమీ కనబడటం లేదు. దీనితోపాటు పాఠశాల వార్షికోత్సవానికి, బంధువుల ఇళ్లలో అన్నప్రాశనలకు, నిశ్చితార్థాలకు కూడా ఫోటోలు తీసే బాధ్యత ఎలాగూ నా మీదే పడుతోంది. డబ్బు తీసుకుని చేసే పని కాదు. మొత్తం మీద రూ. 70,000 వరకు పెట్టగలను.

నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 18-45 లెన్సుతో కలిపి కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కెనాన్ ఆర్50 కొనడం. రెండోది, తెలిసినవారు ఒకరు అమ్ముతామంటున్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా నికాన్ డి7200. దానిని ఆయన 2016లో కొన్నారు, 18-140 లెన్సుతో కలిపి నా బడ్జెట్‌లో సగానికే ఇస్తామంటున్నారు. దుకాణంలో అడిగితే, డీఎస్ఎల్ఆర్‌ల కాలం చెల్లిపోయిందనీ, ఇప్పుడు వాటి మీద డబ్బు పెట్టడం దండగనీ చెప్పారు. అది నిజమా, లేక కొత్త సరుకు అమ్ముకోవడానికి చెప్పే మాటా అన్నది నాకు తెలియడం లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా మేనమామ చాలాకాలం నికాన్ వాడినవారు. ఆయన కెమెరా పాడైపోయింది గాని, రెండు లెన్సులు నాకు ఇచ్చారు. వాటి మీద ఏఎఫ్ నిక్కోర్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8డి అని ఒకదానికి, ఏఎఫ్-ఎస్ విఆర్ 70-300 ఎం.ఎం. ఎఫ్/4.5-5.6జి అని రెండోదానికి రాసి ఉంది. ఇవి ఏ మాత్రమైనా పనికివస్తాయా?


సమాధానం: నీడావెలుగూ

మాస్టారు గారూ, నేను ఆర్50 వాడుతున్నాను కనుక దాని గురించి చెప్పగలను. మొదటిసారి కెమెరా పట్టుకునేవారికి మిర్రర్‌లెస్ వల్ల కలిగే పెద్ద సౌకర్యం వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో మీరు అద్దం మీద పడి పైకి వచ్చిన అసలు దృశ్యాన్నే చూస్తారు, ఫోటో ఎలా వచ్చిందో తీసిన తరువాతే తెలుస్తుంది. మిర్రర్‌లెస్‌లో మాత్రం ఆ అద్దం ఉండదు, సెన్సరుకు కనిపిస్తున్నదే మీకూ కనిపిస్తుంది గనుక, వెలుతురు ఎక్కువైందో తక్కువైందో బటన్ నొక్కకముందే తెలిసిపోతుంది. తెల్లని గూడబాతు మీద ఎండ పడి ఈకల వివరమంతా మాయమైపోయే చోట ఇది చిన్న విషయం కాదు.

రెండోది ఫోకస్. ఆర్50 మనుషుల కళ్లనే కాక, జంతువులనూ పక్షులనూ కూడా తనంతట తాను గుర్తించి, అవి ఫ్రేములో ఎక్కడికి కదిలినా వెంటాడుతుంది. ఎగిరే కొంగను కొత్తవారు పట్టుకోవాలంటే ఈ సాయం చాలా విలువైనది. బ్యాటరీ, కార్డులతో కలిపి బరువు 375 గ్రాములే. శబ్దం లేకుండా తీసే వీలుంది. వార్షికోత్సవంలో పిల్లల నాటకాన్ని 4కె వీడియో తీయవచ్చు. అన్నిటికీ మించి, కొత్త వస్తువు గనుక వారంటీ ఉంటుంది.

దుకాణదారు చెప్పినదాంట్లో నిజం ఉంది. 2020 తరువాత కెనాన్ గాని, నికాన్ గాని ఒక్క కొత్త డీఎస్ఎల్ఆర్ కూడా విడుదల చేయలేదు. రెండు సంస్థలూ తమ ఇప్పటి మిర్రర్‌లెస్ మౌంట్లను (లెన్సు తగిలించే అమరికలను) 2018లో మొదలుపెట్టాయి, ఆ తరువాత వచ్చిన కొత్త లెన్సులు దాదాపు అన్నీ వాటికే. కెనాన్ వారి ఆర్ఎఫ్ మౌంట్‌కు చవకైన ఏపీఎస్-సి లెన్సులు (ఆర్50 వంటి చిన్న సెన్సరు కెమెరాలకు సరిపోయేవి) లేవన్న లోటు కూడా, 2024లో సిగ్మా వారి లెన్సులు రావడంతో కొంత తీరింది. నన్నడిగితే, మేనమామగారి లెన్సులను అమ్మేసి, ఆ డబ్బు కలుపుకుని కొత్తదే తీసుకోండి.


సమాధానం: ఫిల్ముడబ్బా

పై మిత్రులు ఆర్50 గురించి చెప్పినవి సరైనవే. మాస్టారు ప్రశ్న చివర్లో, అంతగా ప్రాముఖ్యం లేనట్టు చెప్పిన లెన్సుల సంగతే నా దృష్టిలో ఈ ప్రశ్నకు మొదలు. వాటిని అమ్మేయమన్న సలహాతో నేను ఏకీభవించను. పాత 50 ఎం.ఎం. లెన్సుకు పెద్దగా ధర రాదు. 70-300కు వచ్చే ధరతో కెనాన్‌లో దానికి సాటి వచ్చే లెన్సు కొనలేరు. ఆర్50కు తోడుగా వచ్చే 55-210 లెన్సు చివర్లో ఎఫ్/7.1కి పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సు లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). దూరపు పక్షులను దగ్గరగా చూపించేంత పొడవుండే ఆర్ఎఫ్ 100-400 తేలికైనది, మంచిది కూడా, కాని దాని ధర కెమెరా ధరకు దరిదాపుల్లో ఉంటుంది. అంటే 70,000 రూపాయలూ పెట్టి ఆర్50 కొన్న రోజున మాస్టారికి ఆటపాకలో వాడటానికి లెన్సు ఉండదు.

ఇక మీ దగ్గరున్న రెండు లెన్సులు పైకి ఒకే సంస్థవైనా, లోపల వేర్వేరు తరాలకు చెందినవి. 70-300లో ఫోకస్ మోటారు లెన్సులోనే ఉంటుంది. పేరులోని ఏఎఫ్-ఎస్ సూచించేది అదే. 50 ఎం.ఎం. ఎఫ్/1.8డి లెన్సులో మోటారు లేదు. దాని మౌంటు మీద చిన్న స్క్రూ తల వంటి గాడి కనిపిస్తుంది చూడండి. కెమెరాలో ఉండే మోటారు ఒక చిన్న ఇరుసును బయటికి చాచి ఆ గాడిలో దూర్చి తిప్పితేనే లెన్సు కదులుతుంది. డి7200 మౌంటులో ఆ ఇరుసు ఉంది. నికాన్ డి3000, డి5000 వరుసల్లోని చిన్న కెమెరాల్లో లేదు కాబట్టి, ఎవరైనా డి5600 చవకగా ఇస్తామన్నా మీకు అది పనికిరాదు. దాని మీద 50 ఎం.ఎం.ను చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేయవలసిందే.

మిర్రర్‌లెస్‌లోకి వెళ్లాలనుకుంటే మీ దగ్గరున్న లెన్సుల దృష్ట్యా పోల్చవలసింది నికాన్ జడ్50. అది 2019లో వచ్చింది, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. దానికి ఎఫ్‌టీజడ్ అడాప్టరు తగిలిస్తే 70-300 ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. 50 ఎం.ఎం. మాత్రం దాని మీద కూడా చేతి ఫోకసే, ఎందుకంటే ఆ అడాప్టరులో మోటారు లేదు. పైగా జడ్50 పక్షులను ప్రత్యేకంగా గుర్తించలేదు, ఆ వసతి 2024 చివర్లో వచ్చిన జడ్50-2లో వచ్చింది. అడాప్టరు కూడా కలిపితే అది మీ బడ్జెట్ దాటుతుంది. ఇవన్నీ కూడితే, మీ రెండు లెన్సులనూ పూర్తిగా వాడుకోగలిగినది, మీరు చెప్పినవాటిలో డి7200 ఒక్కటే.

పక్షుల విషయంలో డి7200 గురించి ఎక్కువమంది గమనించని సదుపాయం ఒకటుంది. మెనూలో ఇమేజ్ ఏరియా అన్నచోట 1.3 క్రాప్ ఎంచుకుంటే, ఫోటో సుమారు 15 మెగాపిక్సెళ్లకు తగ్గుతుంది గాని, 51 ఫోకస్ బిందువులు దాదాపు ఫ్రేమంతా పరుచుకుంటాయి. పక్షి అంచుకు జరిగినా పట్టు తప్పదు. అప్పుడు మీ 300 ఎం.ఎం. లెన్సు దృశ్యకోణం ఫుల్‌ఫ్రేములో (పాత ఫిల్ము ఫ్రేమంత పెద్ద సెన్సరులో) సుమారు 600 ఎం.ఎం. లెన్సుతో సమానమవుతుంది. వేగం సెకనుకు 6 ఫోటోల నుంచి 7కు పెరుగుతుంది. ఇది మాయ కాదు, తరువాత కంప్యూటరులో కత్తిరించుకోగలిగినదాన్నే ముందుగా కత్తిరించడం. అయినా వ్యూఫైండర్‌లో హద్దు గీత కనబడుతూ, దాని బయట ఏముందో కూడా కనబడుతుంది కాబట్టి, ఏ పక్షి లోపలికి రాబోతోందో ముందే తెలుస్తుంది.

బ్యాటరీ సంగతి కూడా చూడండి. ప్రామాణిక పరీక్షలో డి7200 ఒక్క చార్జింగుతో 1,110 ఫోటోలు తీస్తుంది. చిన్న మిర్రర్‌లెస్‌లలో ఆ సంఖ్య మూడు నాలుగు వందల దగ్గర తిరుగుతుంది, ఎందుకంటే మీరు పక్షి కోసం ఎదురుచూస్తూ వ్యూఫైండర్‌లో చూస్తున్నంతసేపూ వాటి సెన్సరూ తెరా పనిచేస్తూనే ఉంటాయి. డీఎస్ఎల్ఆర్‌లో ఎదురుచూపుకు దాదాపు ఖర్చు లేదు. కొంగల దగ్గర మనం చేసే పని ఎక్కువగా ఎదురుచూడటమే కదా.

డీఎస్ఎల్ఆర్‌ల కాలం చెల్లిందన్న మాటను కూడా విడదీసి చూడాలి. కొత్త నమూనాలు రాకపోవడం వేరు, ఉన్నవి పనిచేయకపోవడం వేరు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. అన్ని దశాబ్దాల లెన్సులు సెకండ్‌హ్యాండ్ బజారులో తిరుగుతూనే ఉంటాయి, అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్నందువల్లే వాటి ధరలు దిగివచ్చాయి. వృత్తిలో ఉన్నవారికి ఈ మార్పు ఖర్చుతో కూడిన బెడద. మీవంటి వారికి అదే కలిసివచ్చిన అదృష్టం.

లోటుపాట్లు కూడా చెబుతాను. డి7200లో వెనుక తెర చూస్తూ తీస్తే ఫోకస్ నెమ్మదిగా, తడబడుతూ వస్తుంది, తెర వంగదు, టచ్ లేదు. వీడియోకు దాన్ని నమ్ముకోవద్దు. పక్షి కన్నును తనంతట తాను గుర్తించదు కాబట్టి, ఫోకస్ బిందువును పక్షి మీద నిలపడం మీ పనే అవుతుంది. మొదటి చలికాలమంతా మసక ఫోటోలు వస్తాయి, నిరుత్సాహపడకండి.


సమాధానం: పందిరిమంచం

నేను శుభకార్యాలకు ఫోటోలు తీస్తాను. పక్షుల జోలికి పోను, ఫంక్షన్ హాలు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ ఆ వైపు రాలేదు.

ఆర్50తో వచ్చే 18-45 లెన్సు 45 ఎం.ఎం. దగ్గర ఎఫ్/6.3 మాత్రమే తెరుచుకుంటుంది. మాస్టారు దగ్గరున్న 50 ఎం.ఎం. ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. మీరు లెక్కల మాస్టారు కనుక 6.3ను 1.8తో భాగించి వర్గం చేసి చూడండి, 12 పైచిలుకు వస్తుంది, అన్ని రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుందన్నమాట. అంటే అదే షట్టరు వేగంతో, ఒక కెమెరాకు ఐ.ఎస్.ఓ. (సెన్సరు వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 12,800 కావలసిన చోట, రెండోదానికి వెయ్యి చాలుతుంది. కొన్నేళ్ల కొత్తదనం సెన్సరులో ఇంత తేడా తీసుకురాలేదు. దీపాల వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, తల్లి ఒడిలోని పాపకు మొదటి ముద్ద పెడుతున్న ఫోటో రావాలంటే లెన్సు తెరుచుకోవాలి, కెమెరా ఏదైనా ఒకటే. కాబట్టి ఆర్50 కొనదలిస్తే, దానితోపాటు ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8 ధర కూడా కలిపే లెక్క వేసుకోవాలి.

అయితే ఈ కెమెరాల సెన్సరు చిన్నది కాబట్టి, 50 ఎం.ఎం. లెన్సు డి7200 మీద 75 ఎం.ఎం. లాగా, ఆర్50 మీద 80 ఎం.ఎం. లాగా చూపిస్తుంది. వేదిక మీద ఉన్నవారిని కింది నుంచి తీయడానికి బాగుంటుంది. ఇంటి ముందుగదిలో మాత్రం గోడకు ఆనుకుని నిలబడినా నలుగురు పట్టరు. ఇంట్లో కార్యాలే ఎక్కువైతే, డి7200 కొని మిగిలిన డబ్బుతో నికాన్ 35 ఎం.ఎం. ఎఫ్/1.8జి డీఎక్స్ పాతది ఒకటి వెతుక్కోండి. చిన్నది, చవకైనది, ఎక్కువ రోజులు కెమెరా మీద ఉండేది అదే.

ఎల్ఈడీ దీపాల గురించి ఒక జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. ఆర్50లో ఫోటోలకు ఈ మినుకును గమనించి సరైన క్షణంలో షట్టరు తెరిచే ఏర్పాటు ఉంది. డి7200లో అది వీడియోకు, లైవ్‌వ్యూకు (వెనుక తెర చూస్తూ తీయడానికి) తప్ప ఫోటోలకు లేదు, ఆ తరువాతి డి7500లో వచ్చింది. డి7200తో తీసేటప్పుడు షట్టరు వేగాన్ని సెకనులో 100వ వంతు దగ్గర ఉంచుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. ఆర్50లో నిశ్శబ్దంగా తీసే ఎలక్ట్రానిక్ షట్టరు ఇదే దీపాల కింద ఫోటో నిండా చారలు తెస్తుంది, హాల్లో దాన్ని ఆపి ఉంచాలి.

ఒక్క విషయంలో మాత్రం మొదటి సమాధానమిచ్చిన వారితో ఏకీభవిస్తాను. మాస్టారి ఇంట్లో మరెవరైనా కెమెరా పట్టుకుంటారా? డి7200 బ్యాటరీ, కార్డుతో 765 గ్రాములు, దానికి 70-300 తగిలిస్తే కిలోన్నర. అందరూ తీయాలనుకునే ఇంట్లో ఆ బరువు బీరువాలోనే మిగిలిపోతుంది.


ప్రశ్నించినవారు: కొల్లేటిగట్టు

ముగ్గురికీ ధన్యవాదాలు. 12 రెట్ల లెక్క చేసి చూశాను, సరిపోయింది. మా ఇంట్లో వీడియో అంతా మా అమ్మాయి ఫోనుతోనే తీస్తుంది, కెమెరా పట్టుకునేది నేనొక్కడినే. బరువు గురించి నాకు బెంగ లేదు. లెన్సుల సంగతి తెలిశాక డి7200 వైపే మొగ్గుతున్నాను. వచ్చే ఆదివారం వెళ్లి చూస్తానని ఆయనకు చెప్పాను. షట్టరు 38,000 సార్లు పనిచేసిందని ఆయన అంటున్నారు. అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది? ఇంకేం చూడాలి?

మరొక అనుమానం. 70-300 లెన్సులోకి చూస్తే లోపలి అద్దం అంచున సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి. అది బూజేనా?


సమాధానం: ఫిల్ముడబ్బా

వెళ్లేటప్పుడు మీ రెండు లెన్సులూ, ఖాళీ మెమరీ కార్డు ఒకటీ వెంట తీసుకెళ్లండి. ఆ కార్డు వేసి ఒక జేపెగ్ ఫోటో తీసి ఇంటికి తెచ్చుకుంటే, నికాన్ కెమెరాలు ప్రతి ఫోటో వివరాల్లోనూ షట్టరు లెక్కను రాస్తాయి కనుక, ఎగ్జిఫ్ వివరాలను (ఫోటో ఫైలులో కెమెరా రాసిపెట్టే సమాచారాన్ని) పూర్తిగా చదివే సాఫ్ట్‌వేరులో ఆ సంఖ్య కనబడుతుంది. ఆయన వాట్సాప్‌లో ఫోటోగా పంపిన దాంట్లో ఈ వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి గనుక దాన్ని చూసి లాభం లేదు. డి7200 షట్టరును 1,50,000 సార్లకు పరీక్షించామని నికాన్ చెబుతుంది. 38,000 నిజమైతే నిశ్చింతగా ఉండవచ్చు.

మెనూలో బ్యాటరీ ఇన్ఫో అని ఉంటుంది. అందులో బ్యాటరీ వయసు 0 నుంచి 4 వరకు అంకెగా చూపిస్తుంది. 0 అంటే కొత్తదనం పోలేదని, 4 అంటే మార్చవలసినదని అర్థం. తరువాత తెల్లని గోడకేసి ఎఫ్/16లో, ఫోకస్ కావాలనే తప్పించి ఒక ఫోటో తీయండి. నల్ల మచ్చలు కనబడితే సెన్సరు మీద దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు. గీతలాంటిది కనబడితే మాత్రం వదిలేయండి. కార్డు గదులు రెండూ పనిచేస్తున్నాయేమో విడివిడిగా చూడండి. పట్టుకునే చోట రబ్బరు ఉబ్బి ఊడుతుంటే అది పెద్ద లోపం కాదు, ధర తగ్గించమనడానికి పనికొస్తుంది. అసలు బిల్లు మీదా, కెమెరా అడుగునా ఉన్న సీరియల్ నంబర్లు ఒకటేనా అన్నది మాత్రం మొహమాటపడకుండా చూడండి.

50 ఎం.ఎం. తగిలించి వెంటనే ఫోటో తీస్తే కెమెరా తెర మీద ఎఫ్ఈఈ అని మెరిసి ఆగిపోవచ్చు. కంగారుపడి కెమెరా పాడైందనుకోవద్దు. ఆ లెన్సుకు అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మార్చే రింగు ఉంది. దాన్ని నారింజ రంగు 22 దగ్గరికి తిప్పి, పక్కనున్న చిన్న తాళాన్ని జరిపి ఉంచాలి, ఆ తరువాత అపర్చర్ అంతా కెమెరా చక్రంతోనే మారుతుంది. ఈ లెన్సుతో ఫోకస్ చేసేటప్పుడు గరగరమని చప్పుడు వస్తుంది, దాని స్వభావమే అంత. 70-300 మాత్రం దాదాపు చప్పుడు లేకుండా కదలాలి. కీచుమంటే లోపలి మోటారు అరిగిందని అనుమానించాలి.

మీరు చెప్పిన పోగులు బూజు లక్షణమే. ఫోను టార్చిని లెన్సు వెనుక నుంచి వేసి ముందు నుంచి చూడండి. అంచున నాలుగు పోగులుంటే ఫోటోలో తేడా తెలియదు, ఎదురెండలో తీసినప్పుడు మాత్రం కొంచెం వెలిసినట్టు రావచ్చు. మధ్యకు పాకి ఉంటే లెన్సులు విప్పి శుభ్రం చేసేవారికి చూపించండి, ఖర్చు ఎంతవుతుందో ముందే అడగండి, ఎందుకంటే పాత లెన్సుకు కొన్నిసార్లు బాగుచేయించే ఖర్చుతో మరొకటి వస్తుంది. అంతవరకు దాన్ని మిగతావాటితో కలిపి పెట్టకండి. కొల్లేటి పక్కన గాలిలో తేమకు కొదవుండదు. తోలు సంచీలో, బీరువాలో బట్టల మధ్య ఉంచడం కన్నా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి, తేమను కొలిచే చిన్న మీటరు ఒకటి పెట్టుకోండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారగానే పెనంలో సన్నని సెగ మీద వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.